కారణం గడిలో ఏం రాస్తున్నారు? శ్రీకూర్మం వైపు నుంచి దిగులు జబ్బుల చరిత్ర

శ్రీకూర్మం గుడి పక్కనున్న శ్వేత పుష్కరిణి గట్టు మీద అస్థికలు కలపడానికి వచ్చిన కుటుంబాలు తరచు కనిపిస్తాయి. కాశీకి పోలేనివాళ్ళు ఇక్కడికి వస్తారు. ఆ నీళ్ళలో కలిపిన అస్థికలు కూర్మాలవుతాయని ఒక నమ్మకం. నమ్మకం సంగతి అలా ఉంచితే, దుఃఖానికి అక్కడ ఒక చోటుంది, ఒక గడువుంది, కర్మ చేయించే మనిషున్నాడు, చుట్టూ నలుగురున్నారు. గుడి స్తంభాల మీద తూర్పు గాంగుల కాలం నుంచి చెక్కించిన శాసనాలున్నాయి. ఎవరు దీపం పెట్టించారో, ఎవరు ఏం దానమిచ్చారో అవి చెబుతాయి. రాతి మీదికి పేరు ఎక్కాలంటే దానమివ్వగలిగిన చెయ్యి ఉండాలి. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా గడప దాటే హక్కే లేని మాల, మాదిగ, పైడి, రెల్లి, దండాసి పేటల్లో మనుషులు దేనికి కుమిలిపోయారో, ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపారో తెలుసుకోవడానికి ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళి లాభం లేదు.

ఈ జిల్లా చరిత్ర అనగానే మనకు 1967-70 నాటి గిరిజన రైతాంగ పోరాటం గుర్తుకొస్తుంది. రావాలి కూడా. కానీ పోరాటాల చరిత్ర రాసుకున్న మనం కుంగిపోయిన మనుషుల చరిత్ర రాసుకోలేదు. అదేదో వ్యక్తిగత వ్యవహారమనీ, బలహీనత అనీ అనుకున్నాం. మేము ఇక్కడ మాట్లాడుతున్నది బట్టలు చించుకుని రోడ్డున పడ్డ మనిషి గురించి కాదు. పొద్దున లేచి పనికి పోతూ, పిల్లలకి గంజి కాస్తూ, లోపల చచ్చిపోతున్న మనిషి గురించి. వైద్యులు వీటికి 'సాధారణ మానసిక రుగ్మతలు' అని పేరు పెట్టారు. 1992లో గోల్డ్‌బర్గ్, హక్స్‌లీ అనే ఇద్దరు పరిశోధకులు తమ పుస్తకానికి ఆ పేరు పెట్టిన తర్వాత అది బాగా వాడుకలోకి వచ్చింది. దిగులు జబ్బు, గాబరా జబ్బు, కారణం దొరకని ఒంటి నొప్పులు ఇందులోకి వస్తాయి. సాధారణం అంటే తేలిక అని కాదు, ఎక్కువమందికి వచ్చేవి అని అర్థం.

వీటిని ఎవరు గుర్తించారు, ఎవరివి గుర్తించారు, కారణం అని ఏం రాసుకున్నారు అన్నదే మా ప్రశ్న.

తెల్లదొరల పాలనలో శ్రీకూర్మం గంజాం జిల్లా చికాకోలు తాలూకాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1871లో వాల్తేరులో పిచ్చాసుపత్రి పెట్టారు. ఇప్పటి విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకి అదే మొదలు. 1890లలో రైలు వచ్చేదాకా చికాకోలు నుంచి వాల్తేరుకి వంద కిలోమీటర్ల పైచిలుకు దారి, కాలినడకో ఎడ్ల బండో తప్ప మరో దిక్కు లేదు. మరి ఆ ఆసుపత్రికి ఎవరు వెళ్ళారు? వెళ్ళలేదు, తీసుకుపోయారు. 1858 నాటి పిచ్చాసుపత్రుల చట్టం ప్రకారం, దిక్కు లేకుండా తిరుగుతున్న పిచ్చివాళ్ళనీ, పిచ్చి వల్ల ప్రమాదకరమనుకున్న వాళ్ళనీ పట్టుకుని మేజిస్ట్రేటు ముందు పెట్టడం పోలీసు అధికారి విధి. 1912లో వచ్చిన కొత్త చట్టం కూడా పోలీసుకి ఆ అధికారాన్ని అలాగే ఉంచింది. అంటే సర్కారు దగ్గరున్న లక్షణాల పట్టికలో పోలీసు చూడవలసినవి రెండే: తిరగడం, భయపెట్టడం. ఊరి బజారుకి ఇబ్బంది కలిగించిన మనిషే వాళ్ళ కంటికి రోగి. కళ్ళంలో కంబారీ చేస్తూ రోజుకి నాలుగు ముక్కలు కూడా మాట్లాడని మనిషి రోగి కాడు, మంచి పాలేరు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆనాటి ఆసుపత్రుల వార్షిక నివేదికల్లో ప్రతి రోగికీ 'పిచ్చికి కారణం' అని ఒక గడి ఉండేది. శరీర కారణాలు ఒక వైపు, మనసుకి సంబంధించిన కారణాలు ఒక వైపు. జ్వరం, మూర్ఛ, గంజాయి, సారా, దుఃఖం, వంశం, తెలియదు – ఇలా నింపేవాళ్ళు. 1893-94లో గంజాయి మీద ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. ఆ కమిషన్ ఈ గడి ఎలా నిండుతోందో తవ్వి చూసింది. రోగిని పట్టుకొచ్చిన పోలీసు రాసిన కాగితంలో గంజాయి అని ఉంటే ఆసుపత్రి పుస్తకంలోనూ గంజాయే. విచారణ లేదు, ఇంటివాళ్ళని అడిగింది లేదు. చాలా కేసుల్లో ఆ కారణం నిలబడదని కమిషనే తేల్చింది. రోగి గురించి రాసింది వైద్యం తెలిసినవాడు కాదు, పట్టుకొచ్చినవాడు! ఈ గడి గురించి మళ్ళీ మాట్లాడుకుందాం, ఎందుకంటే అది 1894తో పోలేదు.

వాల్తేరు మన పేటలకి ఇచ్చింది వైద్యం కంటే భయం. హైదరాబాదు వైపు ఎర్రగడ్డ పేరు తిట్టుగా వాడినట్టే మన వైపు వైజాగు పిచ్చాసుపత్రి పేరు వాడతారు. నిద్ర పట్టని మనిషిని కూడా మనసు డాక్టరు దగ్గరికి రమ్మంటే, 'నాకేటి ఎర్రా?' అని గయ్యిమనడానికి వెనక ఈ వంద ఏళ్ళ చరిత్ర ఉంది. దాన్ని మూఢత్వం అని కొట్టిపారేయడం చదువుకున్నవాళ్ళకి సులువు. కానీ ఆ ఆసుపత్రికి దారి చాలాకాలం పోలీసు స్టేషన్ మీదుగా పోయింది మరి.

పేటలో మందు వేరేగా ఉండేది. అమ్మోరికి మొక్కు, పూనకంలో గణాచారి చెప్పే మాట, తాయెత్తు, వేపమండ. పైన ఏజెన్సీలో సవర గూడేల్లో ఎజ్జోడు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వచ్చిన తర్వాత క్రైస్తవంలోకి పోయిన పేటల్లో ప్రార్థన కూటం. వీటిలో మనిషికి ఊరట దొరకలేదని మేము అనం. కుంగిపోయిన మనిషి చుట్టూ పదిమంది చేరి ఆమె పేరు పెట్టి పాడటం, ఆమె ఏడిస్తే ఎవరూ ఆపకపోవడం మందులాంటివే. కానీ ఇదే దారిలో చిల్లంగి కూడా ఉంది. ఒక ఇంట్లో మనిషి తిండి మానేసి ఎండిపోతుంటే, 'ఎవరో చిల్లంగి పెట్టారు' అని వేలు చూపించేది ఒంటరి ముసలమ్మ వైపో, భూమి తగాదా ఉన్న ఇంటి వైపో. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో, ఆ చుట్టుపక్కల ఈ అనుమానంతో మనుషుల్ని కొట్టారు, చంపారు. ఒకరి జబ్బుని గుర్తించకపోతే ఇంకొకరి ప్రాణం పోతుంది. లక్షణాలు తెలుసుకోవడం అంత పెద్ద విషయం.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి లెక్క ఏమిటి? 1946లో భోర్ కమిటీ చెప్పిన ప్రకారం ఇంగ్లండులో 300 మంది జనాభాకి ఒక మానసిక వైద్య పడక ఉంటే, మన దేశంలో 40 వేల మందికి ఒకటి. అంటే అసలు మొదలే లేదు. తర్వాత 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు దేశాల్లో, మామూలు ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక వైద్యం చేయవచ్చునా అని పరిశీలన మొదలుపెట్టింది. మన దేశంలో చండీగఢ్ వైద్యులు హర్యానాలోని రాయ్‌పూర్ రాణీలో పని చేశారు. చిన్న ప్రశ్నల పట్టిక పెట్టుకుని ఆరోగ్య కార్యకర్తే గుర్తించవచ్చునని తేలింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తెలుగువాళ్ళు చాలామంది ఉన్న బళ్ళారి జిల్లాలో దాన్ని నమూనాగా నడిపారు. 1996లో దేశంలో నాలుగు జిల్లాలతో జిల్లా కార్యక్రమం మొదలైనప్పుడు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ దక్కించుకుంది. 2015-16లో బెంగళూరు నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వేలో దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందనీ, సాధారణ రుగ్మతలున్నవాళ్ళలో దాదాపు 85 శాతం మందికి వైద్యమే అందడం లేదనీ తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో చేశారు. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. శ్రీకూర్మం పేట ఎవరి అంకెల్లోనూ లేదన్నమాట.

అంకెల్లో లేనివాళ్ళని మనమే చూడాలి. ఎలా చూడాలో ఇప్పుడు వివరంగా చెబుతాం. పాఠశాలలో పంతుళ్ళూ, హాస్టలు విద్యార్థులూ, సంఘాల్లో తిరిగేవాళ్ళూ దీన్ని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాం.

మన మనుషులు 'నాకు మనసు బాగోలేదు' అని రారు. 'ఒల్లు బాగోనేదు బాబూ' అంటారు. ఒళ్ళంతా పీకుతోంది, తల దిమ్ముగా ఉంది, అరికాళ్ళు మంటలు, గుండె దడ, పొట్టలో గ్యాసు పైకి తన్నుతోంది, నీరసం, ఆడవాళ్ళయితే తెల్లబట్ట అవుతోంది అని. కూలి చేసే మనిషికి ఒళ్ళే ఆస్తి. ఆస్తికి నష్టం వస్తే చెబుతుంది, మనసుకి నష్టం వచ్చిందని ఎవరికి చెబుతుంది? గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన పరిశోధనల్లో కూడా తెల్లబట్ట, అలసట అని వచ్చిన చాలామంది ఆడవాళ్ళలో అసలు సంగతి దిగులూ గాబరా అని కనిపించింది. అదే పటేల్ అంతకు ముందు ఆఫ్రికాలోని జింబాబ్వేలో పని చేశారు. అక్కడ షోనా భాషలో ఈ జబ్బుకి ఉన్న పేరుకి 'మరీ ఎక్కువగా ఆలోచించడం' అని అర్థం. మన పేటలో కూడా ఇదే మాట! 'ఆలోచనలెక్కువైపోయి ఇలగైపోనాది' అని ఎన్నిసార్లు వినలేదు? నల్లవాళ్ళ పేటకీ మాలపేటకీ మధ్య సముద్రం ఉంది గానీ మాట ఒకటే.

ఒళ్ళు నొప్పులన్నీ మనసు జబ్బులే అనుకోవడం కూడా తప్పు. రక్తం తక్కువైతే నీరసం, దడ, ఆయాసం వస్తాయి. థైరాయిడ్ తేడా చేస్తే దిగులు కూడా వస్తుంది. చక్కెర ఉండొచ్చు, కిడ్నీ ఉండొచ్చు. ఉద్దానం పక్కన బతుకుతూ కిడ్నీ సంగతి మర్చిపోకూడదు. కాబట్టి ముందు రక్త పరీక్ష చేయించాలి. అవన్నీ బాగున్నా నొప్పులు తగ్గక, ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర బలం ఇంజెక్షన్లూ సెలైన్లూ ఎక్కించుకుంటూ అప్పులపాలవుతున్న మనిషిని చూస్తే, అప్పుడు ఆగి ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి.

దిగులు జబ్బుకి రెండు ముఖ్యమైన గుర్తులు. ఒకటి, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉండటం. రెండు, ఇంతకు ముందు ఇష్టంగా చేసిన పని మీద ఇష్టం పోవడం. ఈ రెంటిలో ఒకటైనా, దాదాపు ప్రతి రోజూ, రెండు వారాలకి తగ్గకుండా ఉంటే అనుమానించాలి. రెండో గుర్తుని మనవాళ్ళు తరచు వదిలేస్తారు. ఏడవని మనిషికి దిగులు లేదనుకుంటారు. జాతరకి ముందుండి డప్పు కొట్టినవాడు ఈ ఏడు అరుగు మీంచి కదలలేదంటే, మనవరాలిని చంకన దించని అమ్మమ్మ పిల్ల ఏడుస్తున్నా చూడటం లేదంటే అది కన్నీళ్ళ కంటే పెద్ద గుర్తు. వీటితో పాటు నిద్ర చెడుతుంది. రాత్రి పడుకున్నా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి ఇక పట్టదు, కొందరు అతిగా పడుకుంటారు. అన్నం సయించదు, జాకెట్లు వదులవుతాయి. ఒళ్ళు బరువు, చెయ్యి లేవదు. మాట, నడక నెమ్మదిస్తాయి, లేదా కుదురుగా కూర్చోలేరు. లెక్క తప్పుతారు, చదివింది ఎక్కదు. 'నా వల్లే ఇదంతా', 'నేను ఎందుకూ పనికిరాను' అనే మాటలు వస్తాయి. చివరిది చావు తలంపు.

ఇక్కడ ఆగాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. నెమ్మదిగా, ఏకాంతంగా అడిగితే మనిషికి బరువు తగ్గుతుంది. ఉందని చెబితే ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో పురుగుల మందు ఉంటే ఆ రోజే బయటికి పంపేయాలి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఫోను నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

గాబరా జబ్బు ఇంకో రకం. ఏదో జరగబోతోందన్న భయం నెలల తరబడి వదలదు. కొడుకు చెన్నైలో బిల్డింగు పనిలో ఉంటే పడిపోయాడేమో, ఫోను మోగితే చావు కబురేమో. కండరాలు బిగుసుకుంటాయి, అరచేతులు చెమటలు, చిరాకు, చిన్న చప్పుడుకి ఉలికిపాటు. కొందరికి ఉన్నట్టుండి గుండె గబగబా కొట్టుకుని, ఊపిరాడక, చేతులు తిమ్మిరెక్కి, ఇప్పుడే చచ్చిపోతాననిపిస్తుంది. నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి, అర గంటలోపే చాలావరకు తగ్గుతుంది. దీన్ని గుండెపోటనుకుని అప్పు చేసి వైజాగు పరిగెత్తిన కుటుంబాలు మాకు తెలుసు. మొదటిసారి ఇ.సి.జి. తీయించడం తప్పు కాదు, తీయించాలి. నాలుగోసారి కూడా అదే తీయించి, 'ఏమీ లేదు, పో' అన్న డాక్టరుదే తప్పు. ఏమీ లేకపోవడం కాదు, ఉన్నదాని పేరు చెప్పలేదు.

కాన్పయిన తర్వాత వారాలూ నెలలూ గడిచినా తల్లి బిడ్డని దగ్గరికి తీసుకోకపోతే 'బాలింత గాలి' అనకుండా ఇవే ప్రశ్నలు అడగాలి. మగవాళ్ళలో దిగులు సారా వెనక దాక్కుంటుంది. మురుగు కాలవలో దిగే రెల్లి కార్మికుడు పనిలోకి పోయే ముందు తాగుతాడు, వాసన భరించడానికి. అది తాగుబోతుతనమని రాసేవాళ్ళు ఆ కాలవ గురించి రాయరు. చావుకి దుఃఖించడం జబ్బు కాదు, పుష్కరిణి గట్టు మీద ఏడ్చేవాళ్ళంతా రోగులు కారు. కానీ ఆరు నెలలు దాటినా మనిషి అదే రోజులో ఆగిపోయి బతుకు సాగకపోతే, దాన్ని వైద్యం అవసరమైన స్థితిగా 2022 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ రోగ వర్గీకరణ గుర్తించింది. ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం, రోజుల తరబడి నిద్ర లేకుండా అతి హుషారు – ఇవి వేరే జబ్బులు, వీటికి వెంటనే డాక్టరు కావాలి.

ఇప్పుడు మళ్ళీ కారణం గడి దగ్గరికి వద్దాం. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. నెలల తరబడి ఫెలోషిప్ రాలేదు. మరో నలుగురితో పాటు హాస్టలు నుంచి వెలివేస్తే, ఆరుబయట 'వెలివాడ' వేసుకుని పడుకున్నాడు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన రూపన్‌వాల్ కమిషన్ అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో, కారణం వివక్ష కాదు, వ్యక్తిగత నిస్పృహ అని రాసింది. 1893లో పోలీసు కాగితంలో గంజాయి అని రాసినట్టే 2016లో నిస్పృహ అని రాశారు! మనిషి కుంగిపోయాడన్నది నిజమే అనుకుందాం. కుంగుబాటు కారణమా, ఫలితమా? కాలు విరిగినవాడి కాగితంలో కారణం 'కాలు విరగడం' అని రాస్తే ఒప్పుకుంటామా? లారీ ఎవరిదో రాయొద్దా?

ఈ అనుభవం వల్ల మన ఉద్యమంలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. 'డిప్రెషన్ అనే మాటే మనువాదుల ఎత్తు, మనకి కావలసింది మందు కాదు, న్యాయం' అనే వాదన పెరిగింది. కోపం అర్థమవుతుంది. మేము కూడా అలాగే మాట్లాడాం. కొన్నేళ్ళ క్రితం మాతో తిరిగే ఒక యువకుడు మీటింగులకి రావడం మానేశాడు. ఇంటికి వెళితే గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. 'లేవరా తమ్ముడూ, ఉద్యమంలోకి వస్తే అన్నీ పోతాయి' అని ఉపన్యాసం ఇచ్చి వచ్చాం. పైన రాసిన గుర్తుల్లో ఆరో ఏడో అతని దగ్గర ఉన్నాయి, మాకు ఒక్కటీ కనిపించలేదు. వాళ్ళ అప్ప మాకంటే తెలివైనది. పుస్తె తాకట్టు పెట్టి వైజాగు తీసుకెళ్ళింది. రెండు నెలలకి లేచి కూర్చున్నాడు. తర్వాత ఒకసారి అతనే అన్నాడు: 'అన్నా, మీరొచ్చి వెళ్ళాక ఇంకా సిగ్గేసింది, ఉద్యమానికి కూడా పనికిరాను కదా అని.' ఆ మాట మమ్మల్ని ఈ వ్యాసం దాకా తెచ్చింది.

కులం మనసుని దెబ్బ తీస్తుందనడానికి ఇప్పుడు ఆధారాలున్నాయి. 2020లో ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ ప్రచురించిన అధ్యయనం ప్రకారం అగ్రకుల హిందువుల కంటే షెడ్యూల్డు కులాలవాళ్ళ, ముస్లింల మానసిక ఆరోగ్యం అధ్వాన్నంగా ఉంది. ఆస్తిలో, చదువులో తేడాలని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా పోలేదు. అంటే పేదరికం ఒక్కటే కాదు కారణం. డబ్బున్నా, డిగ్రీ ఉన్నా అవమానం వెంట వస్తూనే ఉంది.

చట్టంలో కూడా మనం వాడుకోని ఆయుధం ఒకటుంది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26న, రోహిత్ పోయిన తొమ్మిది రోజులకి, అమల్లోకి వచ్చింది. అందులో 'బాధితుడు' అంటే ఎవరో చెబుతూ శారీరక నష్టంతో పాటు మానసిక, భావోద్వేగ నష్టం కూడా చేర్చారు, బంధువులని కూడా చేర్చారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాని బట్టి ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదంటుంది. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి ఆదుకోవాలి. వీటిని కలిపి చదివితే, జబ్బుని గుర్తించమని అడిగే హక్కూ ఉంది, జబ్బు పేరుతో కులాన్ని మాయం చేయనివ్వని హక్కూ ఉంది.

2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించిన భూముల దగ్గర తూర్పు కాపులు దాడి చేసి ఐదుగురు మాలల్ని చంపారు. అనేకమంది గాయపడ్డారు. గాయాలు ఆసుపత్రి కాగితాల్లోకి ఎక్కాయి, కుట్లు లెక్కపెట్టారు. అలాంటి దాడి కళ్ళారా చూసినవాళ్ళలో నెలలు గడిచాక వచ్చే గుర్తులు వేరే ఉంటాయి. అదే దృశ్యం కళ్ళ ముందు తిరగడం, పీడకలలు, ఆ పొలం దారిన పోలేకపోవడం, గునపం చప్పుడుకి వణికిపోవడం, పిల్లలు మళ్ళీ పక్క తడపడం. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికా సైనికుల పోరాటం వల్ల 1980లో దీనికి వైద్య గ్రంథంలో పేరు దక్కింది. చంపడానికి వెళ్ళి వచ్చిన సైనికుడికి దక్కిన పేరు, చంపుతుంటే చూసిన పేట ఆడదానికి వాంగ్మూలంలో దక్కదా? నిజ నిర్ధారణ కమిటీలుగా ఎన్నో ఊళ్ళు తిరిగాం. ఎవరు ఎవర్ని కొట్టారో అడిగాం, భూమి సర్వే నంబర్లు రాసుకున్నాం. 'అమ్మా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?' అని అడిగి రాసుకున్న కాగితం మా దగ్గర ఒక్కటీ లేదు. ఇక మీదట రాసుకోవాలి, ఆమె మాటల్లోనే, తేదీ వేసి, డాక్టరు చీటీ జత చేసి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు కూడా అంతే. కూలిన కొబ్బరి చెట్టుకి లెక్క రాశారు, చెట్టు లేని కూలికి లెక్క లేదు, ఆ కూలి నిద్రకి అసలే లేదు.

వైద్యం గురించి రెండు మాటలు. దిగులు మాత్రలు వేసుకున్న రోజే పని చేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ లోపు 'పని చెయ్యలేదు' అని మానేస్తారు. బాగుపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరుని అడిగి నెమ్మదిగా ఆపాలి. దీనికీ నిద్రమాత్రకీ తేడా ఉంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే నిద్రమాత్రకి అలవాటు పడితే అది ఇంకో జబ్బు. తేలిక స్థాయిలో ఉన్నవాళ్ళకి మాట సాయమే చాలాసార్లు సరిపోతుంది, దానికి పెద్ద డాక్టరే అక్కర్లేదు. గోవాలో శిక్షణ పొందిన మామూలు మనుషులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసిన పని ఫలితమిచ్చిందని 2010లో ప్రచురించారు. జింబాబ్వేలో అమ్మమ్మలు చెట్టు కింద బెంచీ వేసి కూర్చుని చేశారు, 2016లో ఆ ఫలితాలొచ్చాయి. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ఫోనులో ప్రశ్నలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి గుర్తించారు. అక్కడ చేయగలిగింది గార మండలంలో చేయలేమా?

ప్రశ్నల భాష గురించి కూడా చెప్పాలి. తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి వాడుకలో ఉంది. పుస్తక భాషలో 'మీరు నిరాశా నిస్పృహలకు లోనయ్యారా?' అని అడిగితే పేట అవ్వ తలకాయ ఊపుతుంది, అర్థమై కాదు, మర్యాదకి. 'అమ్మా, ఏ పనీ సెయ్యబుద్ధి కాటం నేదా? ముందు ఇలాగుండేదా? ఎన్నాళ్ళ నుంచి?' అని అడిగితే కూర్చోబెట్టి గంట మాట్లాడుతుంది. మేము అడిగిన ఒక అవ్వ నిద్ర లేకపోవడానికి కారణాలు ఐదు చెప్పింది: మోకాళ్ళు, కొడుకు, అప్పు, కోడలి మాట, ఐదోది కళ్ళంలో ముప్ఫై ఏళ్ళ క్రితం ఒకాయన అందరి ముందూ అన్న మాట. ఐదోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. ఆ మాట ఏమిటో మాకు చెప్పింది గానీ రాయొద్దంది, రాయడం లేదు.

శ్రీకూర్మం నుంచి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్ళి రావడమంటే రోగికీ తోడు వెళ్ళినవాళ్ళకీ ఆ పూట కూలి పోయినట్టే. నెలకొకసారి ఆరు నెలలు ఆ కూలి పోగొట్టుకోవడం కుదరకే చాలామంది రెండో చీటీ తర్వాత ఆగిపోతున్నారు. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దిగులు మాత్రలు ఇవ్వాలనీ, నెలకి ఒక రోజైనా మనసు డాక్టరు అక్కడికే రావాలనీ, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో వార్డెన్లకి ఈ గుర్తులు నేర్పాలనీ సంఘాలు అర్జీలు పెట్టాలి. అర్జీ రాసేటప్పుడు పేటలో ఎంతమందికి నిద్ర లేదో లెక్క కూడా జత చేయండి. ఆ లెక్క తీయడానికి పైన చెప్పిన ప్రశ్నలు చాలు, ఒక ఆదివారం చాలు.